బొచ్చు కోటు బొమ్మలో పఠాన్.. భద్రాచలం అడవిలో రోహిలా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. భద్రాచలం, పాల్వంచ, బూర్గంపాడు వైపు ఎండాకాలం గడిపిన వాళ్లకు ఆ మాట వివరించి చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఒంటి నిండా గొర్రె బొచ్చు కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, భుజాన పొడవాటి తుపాకీ పెట్టుకుని ఒక పఠాన్ నడిచి వస్తుంటే ఎలా ఉంటుంది? చూసిన వాళ్లు భయపడటం సంగతి తర్వాత, ముందు ఆయనే సొమ్మసిల్లి పడిపోతాడు.

కానీ 'పఠాన్', 'రోహిలా', 'కాబూలీవాలా' అనగానే చాలామంది కళ్ల ముందు కదిలేది ఆ కోటు మనిషే. ఈ రూపం సినిమాలతో పుట్టింది కాదు, దాని వయసు నూట డెబ్బై ఏళ్ల పైమాటే. లండన్‌లో రాతి మీద అచ్చయిన కొన్ని బొమ్మలు దాన్ని ఊరూరా తిప్పాయి. ఖమ్మం-భద్రాచలం అడవి అంచున నిజంగా తిరిగిన రోహిలాల కథ మాత్రం ఆ బొమ్మలో లేదు. అది కోయల నోటి నుంచి వచ్చి, ఒక పాత పుస్తకంలో నాలుగు వాక్యాలుగా మిగిలింది. బొమ్మనూ ఆ వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు తేలతాయి. దోపిడీ ఎవరు చేశారు, ఎవరు చేయించారు, చివరికి పేరు ఎవరి మీద నిలిచింది అన్నవి అందులో ముఖ్యం.

ముందు బొమ్మ సంగతి

1848లో లండన్ నుంచి 'అఫ్ఘానిస్తాన్' పేరుతో పెద్ద సైజు బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. బొమ్మలు గీసింది జేమ్స్ రాట్రే. ఈస్ట్ ఇండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో లెఫ్టినెంట్. మొదటి అఫ్ఘాన్ యుద్ధం రోజుల్లో అక్కడ ఉండి, చూసినవి చూసినట్టు గీసుకున్నాడు. ఆ పుస్తకంలో ఒక బొమ్మ పేరును తెలుగులో చెప్పాలంటే 'చలికాలపు దుస్తుల్లో అఫ్ఘాన్ కాల్బలం, వెనక అర్ఘందే లోయ ముఖద్వారం'. అర్ఘందే కాబూల్‌కు పడమర వైపు ఉంటుంది. ఆ సిపాయిలు వేసుకున్నది పోస్తీన్.

పోస్తీన్ అంటే ఉర్దూ తెలిసిన ఇళ్లలో పెద్దలకు తెలుసు. ఫార్సీలో 'పోస్త్' అంటే తోలు. గొర్రె తోలును బొచ్చుతో సహా బాగుచేసి, పసుపు రంగు వచ్చేలా పదును పెట్టి కోటుగా కుడతారు. దీంట్లో ఒక చిన్న కిటుకుంది. బొచ్చు లోపలి వైపుకు ఉంటుంది, బయటికి కనిపించేది తోలు వైపు. దాని మీద పట్టుదారంతో పువ్వులూ తీగలూ కుడతారు. కాలర్ దగ్గర, చేతుల చివర, ముందు అంచుల్లో మాత్రమే బొచ్చు బయటికి తొంగిచూస్తుంది. కాబూల్, గజ్నీ పోస్తీన్‌లకు మంచి పేరు. ఇది నవాబుల షోకు కాదు. ఉన్నవాడు మంచి కుట్టుపని ఉన్నది వేసుకుంటాడు, లేనివాడు మామూలుది. మంచు కురిసే చోట అది లేకపోతే ప్రాణం నిలవదు.

ఆ సంగతి కంపెనీ సైన్యానికి బాగా అనుభవమైంది. 1839లో వాళ్లు కాబూల్ మీదికి వెళ్లారు. 1841 నవంబరులో నగరం తిరగబడింది. 1842 జనవరిలో సుమారు 4,500 మంది సైనికులు, 12,000 మంది దాకా వెంట ఉన్న పరివారం మంచులో కాబూల్ వదిలి బయలుదేరారు. దారిలో అఫ్ఘాన్ తుపాకులకు ఎంతమంది పోయారో, చలికి కూడా అంతలా పోయారు. అందులో ఎక్కువమంది హిందుస్థానీ సిపాయిలు, కూలీలు, వంటవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. జనవరి 13న డాక్టర్ బ్రైడన్ గుర్రం మీద జలాలాబాద్ చేరడం ఇంగ్లండ్‌లో పెద్ద కథ అయ్యింది. ఒళ్లు కప్పుకోవడానికి సరైన గుడ్డ లేక మంచులో గడ్డకట్టిపోయిన సిపాయిల గురించి అంత పెద్ద బొమ్మ ఎవరూ వేయలేదు.

ఓడిపోయిన చోటు మీద కుతూహలం ఎక్కువ. జేమ్స్ అట్కిన్సన్ బొమ్మలు 1842లో, కాబూల్‌లో ఖైదీగా ఉండి వచ్చిన విన్సెంట్ ఐర్ గీసిన ఖైదీల ముఖచిత్రాలు 1843లో వచ్చాయి. గవర్నర్ జనరల్ ఆక్లండ్ చెల్లెలు ఎమిలీ ఈడెన్ హిందుస్థాన్ రాజులనూ ప్రజలనూ గీసిన పుస్తకం 1844లో వచ్చింది. కాబూల్ అమీర్ దోస్త్ మొహమ్మద్ ఖాన్ కలకత్తాలో బందీగా ఉన్నప్పుడు ఆమె ఆయన బొమ్మ కూడా గీసింది. రాట్రే పుస్తకం ఆ వరసలో చివర వచ్చింది. ఇవన్నీ లీథోగ్రాఫ్‌లే.

రాయి మీద బొచ్చు ఎలా మొలిచింది

లీథోగ్రాఫ్ అంటే రాతి అచ్చు. జర్మనీకి చెందిన ఆలోయిస్ సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో కనిపెట్టాడు. పద్ధతి వింటే చాలా తేలిక. నున్నగా సానబెట్టిన సున్నపురాయి మీద కొవ్వు కలిసిన పెన్సిల్‌తోనో సిరాతోనో బొమ్మ గీస్తారు. తర్వాత జిగురు, కొద్దిగా ఆమ్లం కలిపిన నీళ్లు పూసి, రాయిని తడిపి, కొవ్వు సిరా పూసిన రోలర్ దొర్లిస్తారు. నీళ్లకు నూనెకు పడదు కదా. గీత ఉన్న చోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. పైన కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ దిగుతుంది. చెక్కే పని ఏమీ లేదు. రాగి రేకు మీద బొమ్మ చెక్కాలంటే ఒక్కో గీతా ఉలితో తవ్వాలి. రాతి మీదైతే కాగితం మీద గీసినంత హాయిగా గీసుకోవచ్చు.

హైదరాబాద్ ఉర్దూ పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. నస్తాలీఖ్ రాత అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలి, కిందికి జారుతూ ఉంటాయి. వాటిని సీసం అచ్చులో పోత పోయడం కష్టం. రాతి అచ్చులో కాతిబ్ చేతిరాత ఉన్నది ఉన్నట్టు దిగిపోతుంది. అందుకే ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తరాల పాటు లీథోను వదల్లేదు. హైదరాబాద్ అమీర్ల లో షమ్స్-ఉల్-ఉమరా ఫఖ్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి రాతి అచ్చులో వేయించాడు. లండన్‌లో అఫ్ఘాన్ బొమ్మ ఏ పద్ధతిలో అచ్చయిందో, చార్మినార్ దగ్గర గణితం, భౌతికశాస్త్రం కూడా అదే పద్ధతిలో అచ్చయ్యాయన్నమాట.

బొచ్చు కోటుకూ ఈ రాతికీ ప్రత్యేకమైన స్నేహం ఉంది. రాయిని పూర్తిగా అద్దంలా కాకుండా కాస్త గరుకుగా ఉంచితే, కొవ్వు పెన్సిల్ దాని మీద మెత్తటి చుక్కల్లా పరుచుకుంటుంది. నీడలు, వెంట్రుకలు, ఉన్ని, గడ్డం, మేఘం లాంటివి అద్భుతంగా వస్తాయి. అందుకని రాతి మీద గీసే పనివాడికి పోస్తీన్ అంటే పండగే. తన చేతివాటం చూపించుకోవడానికి అంతకంటే మంచి వస్తువు ఏముంటుంది? పైగా ఖరీదైన ప్రతులకు చేత్తో రంగులు కూడా వేసేవాళ్లు. పసుపు తోలు, ఎర్ర దారం, తెల్ల బొచ్చు అన్నీ మెరిసిపోయేవి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. రాట్రే అక్కడ ఉండి గీశాడు నిజమే. ఆయన కాగితం మీద గీసింది లండన్ పనివాడి చేతికి వెళ్లింది. ఆ పనివాడు దాన్ని మళ్లీ రాతి మీద గీయాలి. కాబూల్ చలి చూడని చెయ్యి అది. ఎక్కడ ముదురు చేయాలి, ఎక్కడ కళ్లు తీక్షణంగా కనపడాలి అన్నది చాలావరకు ఆ చేతిలోనే ఉంటుంది. లీథోగ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో గీసినవారి పేరు, రాతి మీదికి ఎక్కించినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు విడివిడిగా ఉండేది ఇందుకే. ఒక ముఖం ముగ్గురి చేతులు దాటి మన దగ్గరికి వస్తుంది.

రాట్రే మాత్రం ఒక న్యాయమైన పని చేశాడు. అదే పుస్తకంలో ఇంకో బొమ్మ పెట్టాడు. దాని పేరు 'వేసవి దుస్తుల్లో కోహిస్తాన్ కాల్బలం'. బండల మాటున పొంచి, జజాయిల్ తుపాకులు ఎక్కుపెట్టిన మనుషులు. పల్చటి బట్టలు. కోటు లేదు, బొచ్చు లేదు. అఫ్ఘాన్ కూడా మనలాగే ఎండాకాలం ఒక బట్ట, చలికాలం ఇంకో బట్ట కడతాడని ఆ రెండు బొమ్మలు కలిపి చూస్తే తెలుస్తుంది. కానీ రెండూ కలిపి చూసేది ఎవరు? మనసులో నిలిచిపోయింది చలికాలం బొమ్మే. రుతువుకు తగ్గ బట్ట కాస్తా జాతి లక్షణం అయిపోయింది.

ఇలాంటిది మన అడవిలోనే ఇంకొకటి జరిగింది. కోయలు అనగానే తలకు అడవిదున్న కొమ్ములు, డోలు, ఆట కళ్ల ముందుకొస్తాయి. కొమ్ము నృత్యం పండగ రోజుల వేషం. పోడు నరకడానికి, ఇప్పపువ్వు ఏరడానికి, సంతకు పోవడానికి ఎవరూ కొమ్ములు పెట్టుకుని వెళ్లరు. పుస్తకాలు, క్యాలెండర్లు, సర్కారీ ఫ్లెక్సీలు మాత్రం ఏడాది పొడవునా ఆ కొమ్ములు తీయనివ్వవు.

అసలు రోహిలాలు ఎవరు

'రోహ్' అంటే పర్వత ప్రాంతం. అక్కడి నుంచి వచ్చినవాళ్లు రోహిలాలు. అచ్చ తెలుగులో చెప్పాలంటే కొండవాళ్లు. ఈ పఠాన్లు 18వ శతాబ్దంలో గంగకు అవతల బరేలీ, రాంపూర్ వైపు స్థిరపడ్డారు. ఆ నేలకే రోహిల్‌ఖండ్ అని పేరు వచ్చింది. 1774లో అవధ్ నవాబు, కంపెనీ సైన్యం కలిసి వాళ్ల మీద పడ్డారు. ఏప్రిల్ 23న జరిగిన యుద్ధంలో నాయకుడు హాఫిజ్ రహ్మత్ ఖాన్ చనిపోయాడు. రాజ్యం పోయినవాడికి మిగిలేది కత్తి ఒక్కటే. ఎక్కడ కొలువు దొరికితే అక్కడికి పోయారు. దక్కన్‌లో నిజాం రాజ్యం అలాంటి వాళ్లకు పెద్ద ఆసరా. ఇక్కడ అరబ్బులు, సిక్కులు, రోహిలాలు వేర్వేరు జమాదార్ల కింద సిపాయిలుగా చేరారు. కాలక్రమంలో ఉత్తరాది నుంచి తుపాకీ పట్టుకొచ్చిన ఏ పఠాన్‌నైనా రోహిలా అనేశారు. రోహిల్‌ఖండ్ మైదానాల్లో రెండు మూడు తరాలు బతికి, హిందుస్థానీ మాట్లాడే ఈ మనుషులకూ అర్ఘందే లోయ పోస్తీన్‌కూ చుట్టరికం చాలా దూరం.

ఇక్కడి కొలువు ఎలా ఉండేదంటే, సిపాయికి సర్కారుతో నేరుగా లెక్క ఉండదు. జమాదార్ మనుషుల్ని తెస్తాడు, వాళ్ల జీతం జమాదార్‌కు ఇస్తారు. ఖజానాలో డబ్బు లేకపోతే ఫలానా తాలూకా శిస్తు వసూలు చేసుకొమ్మని తన్ఖా రాసిస్తారు. అంటే జీతం ఇచ్చే పని రైతు నెత్తిన పడుతుంది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని తెంచడానికి, తాకట్టులో ఉన్న తాలూకాలను విడిపించడానికి ఏళ్ల తరబడి కష్టపడాల్సి వచ్చింది.

రోహిలా పేరుకు హైదరాబాద్‌లో ఇంకో చరిత్ర కూడా ఉంది. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి వెళ్లిన సుమారు 500 మందిలో ఎక్కువమంది రోహిలాలే. ముందు నడిచింది తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. జైలు నుంచి తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. కోఠీలో ఆయన పేరు మీద రోడ్డు ఉంది. రోహిలా అంటే ఒక చోట అమరుడు, మరో చోట దొంగ. ఈ రెండో పేరు ఎలా వచ్చిందో చూడాలంటే గోదావరి దాటాలి.

భద్రాచలంలో జరిగింది

భద్రాచలం, పాల్వంచ ప్రాంతం పాతకాలంలో అశ్వారావుల జమీందారీ. అశ్వారావుపేట పేరులో ఆ వంశం ఇంకా వినిపిస్తుంది. పైన నిజాం, కింద జమీందారు, అడవిలో కోయలు. గోదావరికి రెండు వైపులా వాళ్ల భూమే. 1860లో నిజాం సర్కారు ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసింది. దాంతో నది మధ్యలో సరిహద్దు పడింది. భద్రాచలం మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు కిందకు పోయింది. చాలా ఏళ్ల తర్వాత 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చుట్టుపక్కల ఊళ్లు మళ్లీ అటు పోయి, పట్నం ఇటు మిగలడం అందరికీ తెలిసిందే. ఈ అడవి అంచుకు సరిహద్దులు మారడం అలవాటైపోయింది.

దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల నుంచి ఇక్కడి కోయల గురించి రాస్తూ వచ్చాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వేసిన దక్షిణాది కులాలు, తెగల పుస్తకం నాలుగో సంపుటంలో ఆ రాతలు చేరాయి. ఇంగ్లీషు రాజ్యానికి ముందు ఇక్కడ ఎలా ఉండేదో కోయలు తనతో చెప్పిన మాటలను కెయిన్ అందులో రాశాడు. వాటి సారాంశం ఇది.

జమీందారు ఒక రోహిలాల దండును పోషించేవాడు. పోషించేవాడు అనడం కూడా పెద్ద మాటే. ఇచ్చే జీతం బహు తక్కువ. అందుకని వాళ్లు చుట్టుపక్కల ఊళ్లు దోచుకుని బతికేవాళ్లు. ఆ దండుకు చాకిరీ చేయడానికి వంద మంది కోయలు, వంద మంది మాదిగలు ఉండాలి. ఇరవై అయిదు కోయ ఊళ్లు కలిస్తే ఒక సముతు. భద్రాచలం తాలూకాలో పది సముతులు, నదికి అవతలి ఒడ్డున ఇంకో పది. వంతుల వారీగా ఒక్కో సముతు ఒక నెల పాటు వంద మంది కోయలను పంపాలి. మూటలు మోయాలి, సరుకులు తెచ్చిపెట్టాలి. ఆ నెల తిండి ఖర్చు కూడా ఎవరిది వాళ్లదే.

ఒక్కసారి లెక్క వేయండి. తమను దోచుకునే దండుకు మూటలు మోసేది తామే. ఆ మూటల్లో పక్క సముతు నుంచి ఎత్తుకొచ్చిన ధాన్యం ఉండొచ్చు. వచ్చే నెల మోసే మూటలో తమ ఊరి ధాన్యం ఉండొచ్చు. తిండి కూడా పెట్టకుండా ఈ పని చేయించింది రోహిలా కాదు, జమీందారీ. సముతుల లెక్క, వంతుల లెక్క రోహిలాకు ఎలా తెలుస్తుంది? అది కచేరీ లెక్క.

కెయిన్ అక్కడితో ఆగలేదు. ఆల్బాక, చర్ల, నగరం, బెజ్జి, చింతలనాడ లాంటి చోట్ల చిన్న చిన్న జమీందార్లు ఉండేవాళ్లు. వాళ్లకు రోహిలాలతో పని లేదు. నాయకులు, కోయలతోనే సొంత బలగాలు పెట్టుకుని నిత్యం దోపిడీలు చేసేవాళ్లు. ఏది దొరికితే అది. కోయ ఆడవాళ్ల ఒంటి మీది బట్టలు కూడా లాక్కుని, ఆ తర్వాత వాళ్లను చూసి నవ్వేవాళ్లు. రాత్రి పడుకుంటే తెల్లారేలోపు ఇల్లు తగలబడుతుందో, ఉన్నదంతా ఊడ్చుకుపోతారో అన్న భయం లేకుండా ఏ రోజూ నిద్రపోలేదని కోయలు కెయిన్‌కు చాలాసార్లు చెప్పారు. ధాన్యాన్ని ఇంట్లో ఉంచకుండా గుహల్లో, పెద్ద పెద్ద చెట్ల తొర్రల్లో దాచుకునేవాళ్లు.

రాట్రే బొమ్మలో కోటు మీది ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఈ కథలో మిగిలిన బట్ట ముక్క మాత్రం ఇదొక్కటే, ఆడమనిషి ఒంటి మీది నుంచి లాగేసింది. దానికి బొమ్మ లేదు. లాగేసినవాళ్లు అన్నిసార్లూ పఠాన్లు కాదని మూలంలోనే స్పష్టంగా ఉంది. అయినా ఆ రోజుల గురించి కథ చెప్పమంటే ముందు వచ్చేది రోహిలా పేరు. పరాయి ముఖం, పరాయి మాట, చేతిలో తుపాకీ. పేరు నిలవడానికి అవి చాలు. జీతం ఎగ్గొట్టిన దొర, వంతులు రాసిన గుమస్తా ఊరివాళ్లే కాబట్టి కథలోంచి మెల్లగా జారిపోయారు.

అలాగని రోహిలాలను కడిగిన ముత్యాలుగా చూపించాల్సిన పనిలేదు. ఆకలితో ఉన్న సిపాయి చేతిలో తుపాకీ ఉంటే ఆ నొప్పి రైతుకే తగులుతుంది. దోచుకున్నవాడు దోచుకున్నవాడే. 'దోపిడీ వాళ్ల రక్తంలోనే ఉంది' అనే మాటకూ, 'జీతం ఇవ్వకుండా తుపాకీ ఇచ్చి ఊరి మీదికి వదిలారు' అనే మాటకూ మాత్రం చాలా తేడా ఉంది. మొదటి మాటకు బొచ్చు కోటు బొమ్మ సాక్ష్యం చెబుతుంది. రెండో మాటకు కోయలు చెప్పిన సముతుల లెక్క సాక్ష్యం.

కెయిన్ మాటలను కూడా కళ్లు మూసుకుని నమ్మాల్సిన పనిలేదు. ఆయన ఇంగ్లీషు పాలన నీడలో ఉన్న మనిషి. 'మేము రాకముందు అంతా దోపిడీ, మేము వచ్చాక శాంతి' అనే ధోరణి ఆ కాలం రాతల్లో మామూలే. రోహిలాలు పోయిన తర్వాత అడవికి ఏం వచ్చిందో కూడా చూడాలి. మద్రాసు కిందకు వచ్చాక రేకపల్లి వైపు పోడు మీద పన్ను పెరిగింది, అడవి మీద ఆంక్షలు బిగిశాయి. 1879లో రంప తిరుగుబాటు లేస్తే ఆ ఏడాదే రేకపల్లికీ పాకింది. తుపాకీ పట్టుకున్న రోహిలా స్థానంలో రసీదు పుస్తకం పట్టుకున్న ఉద్యోగి వచ్చాడు. ధాన్యాన్ని చెట్టు తొర్రలో దాచుకోవచ్చు గానీ పోడును ఎక్కడ దాస్తారు?

అయినా కెయిన్ రాతకు ఒక విలువ ఉంది. తన అభిప్రాయం మధ్యలో కోయల మాట వినిపించాడు. పడుకుంటే భయం, తొర్రలో ధాన్యం, వంతుల చాకిరీ లాంటివి దుమ్ముగూడెం బంగళాలో కూర్చుని ఊహించగలిగే వివరాలు కావు. చెప్పినవాళ్ల పేర్లు కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది.

బొమ్మ చూసేటప్పుడు

ఇప్పుడు ఈ పాత లీథోగ్రాఫ్‌లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాట్సాప్‌లో ఏదో ఒక వీరుడి పేరుతోనో, ఏదో ఒక దొంగల ముఠా పేరుతోనో తిరుగుతుంటాయి. టిప్పు సుల్తాన్ అసలు ఫొటో అంటూ ఆఫ్రికా తీరానికి చెందిన ఒక వ్యాపారి ఫొటో ఎన్నేళ్లు తిరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టిప్పు చనిపోయింది 1799లో, ఫొటో అనేది లోకానికి తెలిసింది 1839లో. ఆ ఒక్క లెక్క వేసుకున్నా సరిపోయేది.

లీథోగ్రాఫ్ విషయంలో చూడాల్సింది బొమ్మ కింది అంచు. ఎడమ మూల, కుడి మూల చిన్న అక్షరాల్లో గీసినవారి పేరు, రాతి మీదికి ఎక్కించినవారి పేరు ఉంటాయి. మధ్యలో బొమ్మ పేరు, అచ్చు వేసిన ఊరు, ఒక్కోసారి సంవత్సరం. పైన మూలలో ప్లేట్ నంబరు ఉంటే అది ఏదో పుస్తకంలోంచి వచ్చిందని అర్థం. ఆ పుస్తకంలో ముందు బొమ్మ ఏమిటి, తర్వాత బొమ్మ ఏమిటి అని వెతకాలి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ దగ్గర రాట్రే బొమ్మలు ఉన్నాయి. పేరు కొట్టి వెతికితే చలికాలం బొమ్మ, వేసవి బొమ్మ రెండూ దొరుకుతాయి.

ఫోన్లలో తిరిగే కాపీల్లో సాధారణంగా ముందు కత్తెర పడేది ఆ కింది అంచుకే. 'చలికాలపు దుస్తుల్లో' అన్న మాట ఉండేది అక్కడే.